దసరాకి పాత లగ్జరీ డీజిల్ కారు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూడండి

లక్ష కిలోమీటర్లు దాటిన బీఎండబ్ల్యూలు, ఆడీలు మామూలు కొత్త కారు ధరకే దొరుకుతున్నాయి. రిపేరు ఖర్చు మాత్రం లగ్జరీ కారుదే.

పొద్దున్నే వెళ్లి, చల్లగా ఉన్న ఇంజన్‌ను మీరే స్టార్ట్ చేయండి. గరగరమని శబ్దం వస్తే వదిలేయండి, టైమింగ్ చెయిన్ (ఇంజన్ లోపలి భాగాలను ఒకదానికొకటి సరిగ్గా కలిపి తిప్పే గొలుసు) అరిగి ఉండొచ్చు. పాత బీఎండబ్ల్యూ 320డీ, 520డీల్లో వచ్చిన ఎన్47 ఇంజన్‌కి ఆ చెయిన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాల్సిందే. తెగితే ఇంజనే పోతుంది. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఇంకో రోజు వస్తామని చెప్పండి.

ఢిల్లీ బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా ముట్టుకోవద్దు. టీజీ నంబర్‌కి తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అదీ ధరలో కలిపి లెక్కేయండి.

మీటర్‌ను నమ్మొద్దు, వెనక్కి తిప్పేస్తారు. సర్వీస్ రికార్డుల్లోని కిలోమీటర్లతో సరిపోల్చండి.

ఓఆర్ఆర్ మీద అరగంట నడిపి, ఆపైన కారు కంప్యూటర్‌లోని లోపాలను చూపే స్కానర్ పెట్టించండి. సిటీ ట్రాఫిక్‌లోనే తిరిగిన బండికి డీపీఎఫ్‌లో (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి పేరుకుంటుంది. డీపీఎఫ్ పీకేసిన బండి అసలే వద్దు.

ఆర్సీలో బ్యాంకు పేరుంటే, లోన్ తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

రోజూ ఆఫీసుకి పది కిలోమీటర్లే వెళ్లేవాళ్లయితే, డీపీఎఫ్‌లో ఇదే మసి గొడవ కాబట్టి, పెట్రోల్ కారే చూసుకోమంటాను.