ఫ్రిజ్ చల్లబడట్లేదా? ‘గ్యాస్ అయిపోయింది’ అనుకునే ముందు చూడాల్సినవి

ఫ్రిజ్ మొరాయించగానే ఎవరో ఒకరు ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది’ అనేస్తారు. వాడే కొద్దీ తరిగిపోవడానికి అదేమీ వంట గ్యాస్ కాదు. పూర్తిగా మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. కాబట్టి గ్యాస్ మీద అనుమానం అన్నిటికంటే చివర్న రావాలి. అంతకుముందు మీరే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి.

మొదట, నిజంగా చల్లదనం తగ్గిందో లేదో చూడండి. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి (జ్వరం చూసేది పనికిరాదు, సున్నా దాకా చూపించేది కావాలి). పొద్దున్నే 4 డిగ్రీలో అంతకంటే తక్కువో చూపిస్తే ఫ్రిజ్ బాగానే ఉన్నట్టు. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. లోపలి నాబ్ మీది అంకెలు డిగ్రీలు కావు. మామూలుగా అంకె పెరిగే కొద్దీ చల్లదనం పెరుగుతుంది. వేడి తగ్గాలని నాబ్‌ను 1కి తిప్పి, ఫ్రిజ్ పాడైందనుకునే వాళ్లు ఉన్నారు.

వెనక వైపు చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

పైన ఐస్ కడుతోంది, కింద పాలు విరిగిపోతున్నాయి

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో తరచూ వచ్చే రోగం ఇది. ఫ్రీజర్ గడ్డకడుతోందంటే కంప్రెసర్ (గ్యాస్‌ను గొట్టాల్లో తిప్పే మోటార్) పని చేస్తున్నట్టే, గ్యాస్ కూడా తిరుగుతున్నట్టే. పుట్టిన చల్లదనం కిందికి దిగట్లేదు, అంతే.

ఈ రకం ఫ్రిజ్‌లో చల్లబరిచే కాయిల్ సాధారణంగా ఫ్రీజర్ వెనక పలక చాటున ఒక్కటే ఉంటుంది. ఒక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని కింది అరలకు తోస్తుంది. కాయిల్ మీద మంచు పేరుకోకుండా రోజులో అప్పుడప్పుడు ఒక హీటర్ దానంతటదే వెలిగి కరిగించేస్తుంది. ఈ గొలుసులో ఒక్క ముక్క తెగినా కింది భాగం వేడెక్కుతుంది.

ముందు సులువైనది చూడండి. గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా డబ్బాలు, సంచులు కుక్కి ఉంటే తీసేయండి. తర్వాత కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఫ్రీజర్ తలుపు తీసి, తలుపు పక్కనున్న లైట్ స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకోండి. చాలా మోడళ్లలో తలుపు తీస్తే ఫ్యాన్ ఆగిపోతుంది, స్విచ్ నొక్కితే తిరుగుతుంది. అప్పుడు సన్నగా గాలి చప్పుడు వినిపించాలి. ఏమీ వినపడకపోతే ఫ్యాన్ మోటార్ మీద అనుమానం. రెక్కలు దేనికో కొట్టుకుంటున్నట్టు టకటకమంటే ఐస్ అడ్డొచ్చిందని అర్థం.

ఇప్పుడు ఫ్రీజర్ లోపలి వెనక పలకను చూడండి. దాని మీద తెల్లగా మంచు పొర పట్టి ఉంటే, లోపల కాయిల్ ఐస్‌తో పూడుకుపోయి ఉంటుంది. సామాన్లు తీసేసి, ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద గుడ్డలు పరవడం మర్చిపోవద్దు, నీళ్లు బాగానే వస్తాయి. మళ్లీ ఆన్ చేశాక వారం, పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసి పాత కథే మొదలైతే డిఫ్రాస్ట్ (మంచు కరిగించే) భాగాల్లో లోపం ఉన్నట్టు. హీటర్, దాని ఫ్యూజ్, సెన్సార్, టైమర్ లేదా సర్క్యూట్ బోర్డు: వీటిలో ఏదో ఒకటి. ఇది మెకానిక్ పనే. కానీ ‘గ్యాస్ నింపాలి’ అని ఆయన అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ ఒక్క రోజు కరిగించాక బాగా పనిచేసిందంటే గ్యాస్‌లో లోపం లేదనే లెక్క. ఒకవేళ మళ్లీ ఐస్ పట్టకపోతే తలుపు సరిగా పడక తేమ లోపలికి పోయి ఉంటుంది, రబ్బరు చూడండి.

చల్లదనం పైనా లేదు, కిందా లేదు, కంప్రెసర్ మాత్రం నడుస్తూనే ఉంది

చల్లబరిచే యంత్రం లోపలి వేడిని బయటికి తోసేయాలి. తోయలేకపోతే ఎంత నడిచినా దండగే. వెనక నల్లటి జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే దాని మీది దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపండి. గోడకు ఆనించి ఉంటే జానెడు ముందుకు జరపండి. కొత్త ఫ్రిజ్‌లలో ఈ గొట్టాలు పక్క గోడల్లోనే దాగి ఉంటాయి, అందుకే పక్కలు వేడిగా తగులుతాయి. అది సహజం.

ఆ తర్వాత తలుపు రబ్బరు. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టట్లేదు. నాలుగు వైపులా ఇలాగే చూడండి. చాలాసార్లు రబ్బరు మార్చక్కర్లేదు: సబ్బు నీళ్లతో జిడ్డు కడిగి, వంకరపోయిన చోట వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో సాగదీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది.

ఇవన్నీ బాగుండి, సింగిల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్ లీకేజీ అనుమానించాలి. గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

‘టిక్’మని ఆగిపోతోంది

కాసేపు గుర్రుమని, ‘టిక్’మని ఆగిపోయి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరస. కంప్రెసర్ లేవలేకపోతోంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ దాన్ని కాపాడటానికి కరెంటు తెంపేస్తోంది. ముందు వోల్టేజీ చూడండి. ఫ్రిజ్ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఉంటే తీసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. అక్కడా అంతే అయితే కంప్రెసర్‌ను లేపే స్టార్టింగ్ రిలే పోయి ఉండొచ్చు. విప్పి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే అది పోయినట్టే. చిన్న వస్తువు, మార్చడం తేలిక. రిలే మార్చినా లేవకపోతే అప్పుడు కంప్రెసర్ గురించి ఆలోచించాలి. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లకు (కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారేవి) ఈ రిలే ఉండదు, అక్కడ సర్క్యూట్ బోర్డును పరీక్షించాలి.

ఇంకోటి: కరెంటు పోయి వచ్చినా, మీరే ఆపినా, వెంటనే ఆన్ చేయకండి. గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వండి.

లోపల, కింద నీళ్లు

కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలిస్తే వెనక గోడ అడుగున ఉండే చిన్న రంధ్రం పూడుకుపోయినట్టు. కరిగిన నీళ్లు దాని గుండా కంప్రెసర్ పైనున్న ట్రేలోకి దిగి, ఆ వేడికి ఆవిరైపోవాలి. గోరువెచ్చని నీళ్లను సిరంజితో ఎక్కించండి, లేదా వంగే ప్లాస్టిక్ గొట్టంతో మెల్లగా పొడవండి. నేల మీద నీళ్లు కనిపిస్తే ఆ ట్రే పగిలిందేమో, పక్కకు జరిగిందేమో చూడండి. ఎంత కడిగినా పోని వాసన కూడా ఒక్కోసారి ఈ ట్రేదే.

సింగిల్ డోర్‌లో ఐస్ కొండలు

పావు అంగుళం మందం ఐస్ కట్టగానే డిఫ్రాస్ట్ బటన్ నొక్కండి. చాకుతో, స్క్రూడ్రైవర్‌తో గీకవద్దు. ఫ్రీజర్ గోడలు పల్చటి అల్యూమినియం, వాటిలోనే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. చిల్లు పడి గ్యాస్ పోవడానికి ఒక్క పోటు చాలు. ఈమధ్య ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే వాయువు. కొన్ని పదుల గ్రాములే ఉన్నా, ‘ఉస్’మన్నదంటే కిటికీలు తెరవండి. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, మంట వెలిగించవద్దు.

శబ్దాలు, షాక్

నీళ్లు పారుతున్నట్టు గలగల, ప్లాస్టిక్ సాగుతున్నట్టు టపటప సహజమే. ఒళ్లంతా అదురుతుంటే కాళ్ల స్క్రూలు తిప్పి సమం చేయండి. ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం వాడటం ఆపేసి, సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్త్ బాగుండీ షాక్ కొడితే లోపం ఫ్రిజ్‌లోనే.

మెకానిక్‌ను పిలిచినప్పుడు

వచ్చేలోగా తలుపు తీయకుండా ఉంటే కింది అరలు సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. సగమే నిండి ఉంటే 24 గంటలు. పాలు, మాంసం, వండిన పదార్థాలు 4 డిగ్రీలకు మించిన వేడిలో 2 గంటలు దాటి ఉంటే పారేయడమే మేలు.

ఫ్రీజర్ గడ్డకడుతోందా, కంప్రెసర్ నడుస్తోందా, ‘టిక్’ వినిపిస్తోందా అన్నవి ఫోన్లోనే చెప్పండి, కావాల్సిన భాగం వెంట తెస్తారు. నిజంగా గ్యాస్ ఛార్జింగే అవసరమైతే మూడు ప్రశ్నలు అడగండి: లీకేజీ ఎక్కడ దొరికింది, ఫిల్టర్ డ్రయర్ (గొట్టాల్లోని తేమను పీల్చే భాగం) మారుస్తున్నారా, నింపే ముందు వాక్యూమ్ చేస్తారా (గొట్టాల్లోని గాలి, తేమ లాగేస్తారా)? లీకేజీ చూపించకుండానే ‘కొంచెం టాప్‌అప్ చేస్తా’ అంటే వద్దనండి. చిల్లు మూయకుండా నింపిన గ్యాస్ మళ్లీ ఆ చిల్లులోంచే పోతుంది.