అద్దె కోసం ఫ్లాట్ కొనే ముందు వేసుకోవలసిన లెక్క

హైదరాబాద్‌లో 50 లక్షల రూపాయల ఫ్లాట్‌ను అద్దెకిచ్చే ఉద్దేశంతో కొనాలనుకునేవారు, బ్యాంకు ఎంత అప్పు ఇస్తుందన్న ప్రశ్న కంటే ముందు, ప్రతి నెలా మన జేబులోంచి ఎంత పోతుందో కాగితం మీద రాసుకోవాలి. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహ రుణానికి రిజర్వు బ్యాంకు విధించిన పరిమితి ఇంటి విలువలో 80 శాతం కనుక, 10 లక్షలు మనమే పెట్టుకోవాలి. తెలంగాణలో సుమారు ఏడున్నర శాతమయ్యే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఆ విలువలోకి రావు కాబట్టి మరో 3.75 లక్షలు చేతిలో ఉండాలి.

ఇక 40 లక్షల అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలవారీ కిస్తీ దాదాపు 34,700 రూపాయలు. అద్దె 15,000 వస్తుందనుకుంటే, నెలకు 19,700 జీతంలోంచే కట్టాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో కిస్తీతో పాటు మెయింటెనెన్స్ కూడా మన మీదే పడుతుంది. అందుకే ఏడాదికి పదకొండు నెలల అద్దెనే లెక్కలోకి తీసుకోండి. ఆరు కిస్తీలకు సరిపడా డబ్బు విడిగా దాచుకోండి.

అద్దె ఎంత వస్తుందో అమ్మేవారి మాట మీద నమ్మకండి. ఒక సాయంత్రం ఆ అపార్టుమెంటుకు వెళ్లి, ఏ ఫ్లాటు ఎంతకు వెళ్లిందో, ‘టు లెట్’ బోర్డు ఎన్నాళ్లుగా వేలాడుతోందో వాచ్‌మన్‌ను అడగండి. నేనైతే అడ్వాన్సు ఇచ్చేలోపే ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, లాయరుకు చూపిస్తాను.