చెత్తబుట్ట దగ్గర మొదలుపెట్టి ఇంటి జీవనాన్ని తేలిక చేసుకోవడం ఎలా?

పర్యావరణానికి తమ వంతు మేలు చేయాలనుకునేవారిలో చాలామంది ముందుగా వెదురు బ్రష్షులు, గాజు సీసాలు, కొత్త స్టీలు డబ్బాలు కొంటారు. పనికొచ్చే పాత డబ్బాలను పారేసి కొత్తవి తెచ్చుకుంటే భారం పెరుగుతుందే గానీ తగ్గదు. అందువల్ల దుకాణానికి వెళ్లే ముందు మీ ఇంటి చెత్తబుట్టను చూడమని నా సలహా.

ముందు ఒక వారం పాటు చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయండి. వాడేసిన బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు, పగిలిన ట్యూబులైట్లు మూడో రకం కిందికి వస్తాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇలా విడదీయడాన్ని ప్రతి ఇంటి బాధ్యతగా పేర్కొన్నాయి. రోజూ తూచి, ఏ వస్తువులు ఎక్కువగా పడుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. మన ఇళ్లలో బరువులో పెద్ద వాటా సాధారణంగా కూరగాయల తొక్కలు, వాడిన టీ పొడి వంటి తడిచెత్తదే అవుతుంది.

కాబట్టి అన్నిటికన్నా ముందు దీని సంగతి చూడాలి. తడిచెత్త మిగిలిన చెత్తతో కలిసి హైదరాబాదులోని జవహర్‌నగర్ వంటి డంపింగ్ యార్డుకు చేరితే, అక్కడ గాలి తగలని గుట్టల అడుగున కుళ్లి మీథేన్‌ను విడుదల చేస్తుంది. నూరేళ్ల లెక్కలో చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా 25 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే వాయువు. పైగా, తడిసిపోయిన కాగితం, అట్టపెట్టెలు తిరిగి వాడకానికి పనికిరావు.

తడిచెత్తను ఇంట్లోనే ఎరువుగా మార్చడానికి నలుగురున్న ఇంటికి 30, 40 లీటర్లు పట్టే పాత బకెట్లో డ్రమ్ములో మూడు చాలు. చుట్టూ, అడుగున పెన్సిలు మందాన రంధ్రాలు వేయించి, పళ్లెంలో రెండు ఇటుకలు పెట్టి వాటి మీద నిలపండి. అడుగున మూడు అంగుళాల మేర ఎండుటాకులు లేదా కొబ్బరిపొట్టు పరచి, గుప్పెడు పాత ఎరువు గానీ ఎండిన పశువుల పేడ గానీ చల్లాలి. ఆ తర్వాత ప్రతిరోజూ తొక్కలను చిన్న ముక్కలుగా తరిగి వేసి, కనీసం అంతే పరిమాణంలో ఎండుటాకులు కప్పి, అప్పుడప్పుడు కాస్త పుల్లమజ్జిగ చిలకరించండి. మూడు నాలుగు రోజులకొకసారి కర్రతో కలియబెట్టండి. మాంసం, చేపలు, నూనె మిగులు మాత్రం వేయకూడదు.

తేమ సరిపోయిందో లేదో మీ పిడికిలే చెబుతుంది: గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. దుర్వాసన వస్తే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం, ఎండుటాకులు వేసి కలపండి. చీమలు పడితే పొడిబారిందని తెలుసుకొని నీళ్లు చిలకరించండి. పురుగులు కనిపించగానే చాలామంది ఈ పనికే స్వస్తి చెబుతారు, కానీ అవి చెత్తను తినేవే తప్ప హాని చేసేవి కావు. ఒక బకెట్టు నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. రెండు మూడు నెలల్లో మొదటి బకెట్టులోని ఎరువు నల్లగా, తొలకరికి తడిసిన నేల వాసనతో కరివేపాకు కుండీకి సిద్ధమవుతుంది.

పొడిచెత్తను ఇంటికి రాకుండా ఆపడమే సులువు. 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా అవి దొరుకుతూనే ఉన్నాయి కాబట్టి, పాత చీరతో కుట్టించిన సంచి ఒకటి బండి డిక్కీలో, మరొకటి తలుపు కొక్కేనికి ఎప్పుడూ ఉంచండి. కర్రీ పాయింటుకు స్టీలు క్యారియర్ తీసుకెళ్తే మరిగే సాంబారును ప్లాస్టిక్ కవరులో పోయించుకోవలసిన అవసరం ఉండదు. రోజుకో పార్శిల్ తెప్పించుకునే బదులు చీటీ రాసి నెలకొకసారి సరుకులు తెచ్చుకుంటే అట్టపెట్టెలు, కవర్లు తగ్గుతాయి, ఖర్చు కూడా అదుపులో ఉంటుంది.

కరెంటు విషయంలో లెక్క వేసుకొని నిర్ణయించుకోవాలి. పాత రకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, తక్కువ కరెంటు తీసుకునే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు పది గంటలు వాడితే ఒక్కో ఫ్యానుకు ఏడాదికి 160 యూనిట్లకు పైగా మిగులుతాయి. అయినా బాగా తిరుగుతున్న ఫ్యానును విప్పి పారేయకండి, చెడిపోయినప్పుడు మార్చండి. ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచండి. ఒక డిగ్రీ పెంచినప్పుడల్లా దాదాపు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) చెబుతోంది.

తాగునీటికి ఆర్‌ఓ యంత్రం వాడేవారు ముందు కొళాయి నీటిని పరీక్ష చేయించుకోవాలి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే, లవణాలు తగ్గించడం కోసమంటూ ఆర్‌ఓ అవసరం లేదు. యంత్రం తప్పనిసరి అయితే, అది వదిలేసే నీటిని నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. లవణాలు ఎక్కువగా ఉంటాయి కనుక మొక్కలకు మాత్రం పోయవద్దు.

ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. ఎరువు బకెట్టు కుదురుకున్నాకే సంచుల సంగతి, అది అలవాటయ్యాకే మిగిలినవి చూడండి. మూడు నెలల తర్వాత మళ్లీ ఒక వారం చెత్తను తూచి, మొదటి కాగితంలోని అంకెల పక్కనే రాయండి. ఏ వరుసలో అంకె తగ్గలేదో, తర్వాతి పని అక్కడ మొదలుపెట్టండి.