ల్యాప్‌టాప్‌కు ర్యామ్ కొనే ముందు: అడుగు మూత తీసి చూడకుండా డబ్బు కట్టవద్దు

పోయిన నెలలో మాకు తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు, తన ల్యాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్ (యంత్రం పనిచేసేటప్పుడు వాడుకునే మెమొరీ) చాలడం లేదని ఆన్‌లైన్‌లో మరో 8 జీబీ ర్యామ్ తెప్పించుకున్నారు. అదే మోడల్ వాడుతున్న స్నేహితుడికి డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం) సరిపోయింది కనుక తనకూ అదే సరిపోతుందని నమ్మారు. ఆ ర్యామ్ స్టిక్ (సన్నని పట్టీ) బోర్డు మీది స్లాట్‌లోకి పూర్తిగా దిగకపోవడంతో బొటనవేళ్లతో గట్టిగా అదిమారు. తీరా చూస్తే అది తరువాతి తరమైన డీడీఆర్5 స్లాట్. లోపలి సన్నని పిన్నులు వంగిపోయి మదర్‌బోర్డు మార్చవలసి వచ్చింది. తండ్రి వాయిదాల మీద కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమొరీ ధరలు బాగా పెరిగాయి. ఎవరి దగ్గరో మిగిలిన పాత స్టిక్‌లను చవకగా కొని ప్రయత్నించేవారూ పెరుగుతున్నారు. అందుకే ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఒక్క పొరపాటు వల్ల జరిగినవే: మోడల్ పేరు చూసి ర్యామ్ కొనడం. ఇంటెల్ 12, 13 తరాల ప్రాసెసర్లలో చాలావరకు డీడీఆర్4తోనూ, డీడీఆర్5తోనూ పనిచేయగలవు కాబట్టి, ఒకే పేరుతో అమ్ముడైన రెండు ల్యాప్‌టాప్‌లలో వేర్వేరు మెమొరీ ఉండవచ్చు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5 7530యూకు డీడీఆర్4 కావాలి, 7535యూకు డీడీఆర్5 కావాలి. పేరులో ఒక్క అంకె మారితే మెమొరీ తరమే మారిపోయింది. ల్యాప్‌టాప్‌లకు వాడే సో-డిమ్ స్టిక్‌లలో డీడీఆర్4కు 260 పిన్నులు, డీడీఆర్5కు 262 పిన్నులు. పొడవు ఒకటే కావడం వల్ల చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. మధ్యలోని గాడి స్థానం మాత్రం వేరు. ఆ గాడి అడ్డుపడుతున్నదంటే అది మీ యంత్రానికి చెందిన ర్యామ్ కాదని అర్థం.

విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ తెరిస్తే రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉన్నట్లు కనిపించవచ్చు. దానిని మాత్రమే నమ్ముకోవద్దు. బోర్డుకే అతికించి ఉన్న మెమొరీని కూడా అది ఒక్కోసారి స్లాటుగా లెక్కిస్తుంది. ల్యాప్‌టాప్ వివరాల్లో ఎల్‌పీడీడీఆర్ (తక్కువ కరెంటు వాడే మెమొరీ రకం) అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ బోర్డుకు సోల్డర్ చేసినదే, మార్చడానికి వీలుపడదు. అందుకే మళ్లీ చెబుతున్నాను: అడుగు మూత తీసి, స్లాట్ ఉన్నదో లేదో కళ్లతో చూసి, ఉన్న స్టిక్ మీది లేబుల్‌ను ఫోటో తీసుకొన్న తరువాతే కొనండి. మూత తీయడం చేతకాకపోతే మెకానిక్‌తో తీయించండి; ఆ ఖర్చు మదర్‌బోర్డు ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

పాత ల్యాప్‌టాప్‌ల విషయంలో గాడి కూడా కాపాడదు. డీడీఆర్3కీ, డీడీఆర్3ఎల్‌కీ పిన్నులు 204, గాడి కూడా ఒకేచోట ఉంటుంది. తేడా అంతా వోల్టేజీలో ఉంది. మొదటిది 1.5 వోల్టులు, రెండవది 1.35 వోల్టులు. ఇంటెల్ నాలుగో తరం నుంచి వచ్చిన సన్నని ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.35 వోల్టులనే అంగీకరిస్తాయి. వాటిలో మామూలు డీడీఆర్3 పెడితే చక్కగా కూర్చుంటుంది గానీ తెర వెలగదు. లేబుల్ మీద పీసీ3 తరువాత ఎల్ అక్షరం ఉన్నదో లేదో చూడండి.

వేగం గురించి అంత బెంగ అక్కరలేదు. 2666 వేగం గల స్టిక్ పక్కన 3200 వేగం గలది పెడితే సాధారణంగా రెండూ తక్కువ వేగానికి సర్దుకుంటాయి.

ఇక బిగించేటప్పుడు. స్లీప్‌లో ఉంచి మూత తీయవద్దు, పూర్తిగా ఆపండి. ఛార్జర్ తీయండి. లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఎందుకంటే ఛార్జర్ లేకపోయినా బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. తరువాత పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే అక్కడే ఆపి మెకానిక్‌కు చూపించండి. బంగారు రంగు పిన్నులను వేళ్లతో తాకవద్దు. స్టిక్‌ను ఏటవాలుగా దూర్చి, తరువాత కిందికి వంచండి. పక్క క్లిప్పులు టక్కుమని పట్టుకోవాలి. దిగకపోతే అదమవద్దు. గాడిని ఆకురాయితో అరగదీయవద్దు. మూత తీసి చూడకుండా కొన్న ర్యామ్ అయితే అసలు స్లాట్ దగ్గరకే తీసుకువెళ్లవద్దు, ముందు లేబుల్‌తో సరిపోల్చండి. వాపసు తీసుకోని దుకాణంలో కొనవద్దు. పాత స్టిక్‌ను వెంటనే అమ్మవద్దు. డీడీఆర్5 పెట్టిన తరువాత మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు. కొత్త మెమొరీకి తగినట్లు బోర్డు తనను సర్దుకునే సమయం అది, మధ్యలో ఆపవద్దు. తెర వచ్చాక ఒక రాత్రి మెమ్‌టెస్ట్ (మెమొరీని పరీక్షించే ప్రోగ్రామ్) నడపండి. అందులో ఒక్క తప్పు చూపినా ఆ స్టిక్‌ను వాపసు ఇచ్చేయండి.