తోటలో ఏనుగు అడుగు కనిపిస్తే, వచ్చింది ఒంటరి మగదా గుంపా ఎలా తెలుసుకోవాలి

రైల్వేకోడూరు వైపు శేషాచలం అంచున తోటలున్నవాళ్ల కోసం రాస్తున్నా. పొద్దున్నే పోయేసరికి అరటి చెట్లు పడిపోయి, డ్రిప్ పైపులు తెగిపోయి ఉంటే కడుపు మండుతుంది, నిజమే. ఆ కోపంలో టపాకాయలు పట్టుకుని అడుగుల వెంట మాత్రం పోవద్దు. ముందు నేల చూడండి.

ముందుకాలి గుర్తు గుండ్రంగా ఉంటుంది, వెనక కాలిది కొంచెం కోలగా. నడకలో వెనక కాలు తరచుగా ముందుకాలి గుర్తు మీదే పడుతుంది కాబట్టి చెదరని గుండ్రటి గుర్తు దొరికేదాకా వెతకాలి. దాని అంచు చుట్టూ దారం పెట్టి కొలిచి రెండింతలు చేస్తే ఏనుగు భుజం ఎత్తు దాదాపు తెలిసిపోతుంది. మా చిన్నాయన తోటలో తడిమట్టిలో పడిన గుర్తు చుట్టూ అరటినార పెట్టి చూస్తే నాలుగున్నర అడుగులొచ్చింది, అంటే తొమ్మిది అడుగుల ఎత్తు! ఆడ ఏనుగులు మామూలుగా ఎనిమిది అడుగులు దాటవు. చుట్టుపక్కల ఇంకో సైజు గుర్తే లేదు. ఒంటరి మగది అన్నమాట.

మగపిల్లలు పది పదిహేనేళ్లకు గుంపు వదిలి బయటికి పోతాయి. పెద్దయ్యాక మదం పట్టే రోజుల్లో కంటికీ చెవికీ మధ్య నుంచి జిడ్డు కారి చెంప మీద నల్లటి చార కడుతుంది, మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతూ వెనక కాళ్లు తడిగా ఉంటాయి. అలాంటిది కనబడితే లైట్లు వేయడం, కేకలు పెట్టడం ఏవీ వద్దు, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేయండి.

రకరకాల సైజుల గుర్తులుండి వాటిలో చిన్నవి కూడా కనిపిస్తే అది కుటుంబం. పెద్ద వయసు ఆడ ఏనుగు, దాని చెల్లెళ్లు, కూతుళ్లు, వాళ్ల పిల్లలు. ఒక్క పిల్లను 18 నుంచి 22 నెలలు మోస్తుంది తల్లి, మళ్లీ కాన్పుకు నాలుగైదేళ్లు పడుతుంది, అందుకే పిల్ల అరిస్తే తల్లి ఒక్కతే కాదు, పెద్దమ్మలు, పిన్నమ్మలు అందరూ చుట్టూ చేరతారు. తల్లికీ పిల్లకూ మధ్యన మనిషి పడ్డాడంటే బతకడం కష్టం.

చప్పుడు లేదు కదా, వెళ్లిపోయాయిలే అనుకోకండి. అవి మన చెవికి అందని లోగొంతుతో, 20 హెర్ట్జ్ కంటే కింద, దూరం నుంచే మాట్లాడుకుంటాయి. చూపు తక్కువ, వాసన మాత్రం విపరీతం. గాలి మీ వైపు నుంచి అడవి వైపు వీస్తుంటే మీరొచ్చిన సంగతి వాటికి ముందే తెలుస్తుంది. లద్దె ఇంకా తడిగా మెరుస్తూ వెచ్చగా ఉందంటే ఏనుగు దగ్గర్లోనే ఉంది, అక్కడే ఆగిపోండి.

రాత్రి అడవి దారిలో నడక అసలే వద్దు. 2025 శివరాత్రికి తలకోన పోతున్న భక్తులు ముగ్గురు గుండాలకోన దగ్గర ఏనుగుల దాడిలో చనిపోయారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాధపడుతుంది. కంచెకు నేరుగా లైను కరెంటు పెట్టడం కూడా నేరమే, పైగా ఆ తీగకు పొద్దున్నే నీళ్లు కట్టడానికొచ్చే మనిషే బలవుతాడు.

ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ఊరికే ఏనుగులొచ్చాయి అనకండి. ఎన్ని సైజుల గుర్తులున్నాయి, పిల్ల ఉందా, ఏ దిక్కుకు పోయాయి అని చెప్పండి. గుర్తు పక్కన మీ చెప్పు పెట్టి ఫోటో తీసి పంపితే వాళ్లకు సైజు వెంటనే తెలుస్తుంది.