పాతకాలపు కారు మెకానికల్ బ్రేకులను విప్పే ముందు జాగ్రత్తలు

చాలా పాత కార్లలో హ్యాండ్ బ్రేకు కూడా కడ్డీలతో పనిచేసే ఈ మెకానికల్ బ్రేకుల అమరికలోనే భాగం, వాటిని విప్పితే అది కారును ఆపలేదు కనుక, కారును గట్టి సమతల నేల మీద నిలిపి, నేలపై ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టి, పైకెత్తిన భాగాన్ని జాకీ మీద కాక స్టాండ్ల మీద ఆనించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది దుమ్ము. పాత లైనింగులలో (బ్రేకు వేసినప్పుడు ఒరుసుకునే పొరలలో) ఆస్‌బెస్టాస్ అనే పోగుల ఖనిజం ఉండే అవకాశం ఎక్కువ. ఆ సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కూడా క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందుచేత డ్రమ్ములోని (చక్రంతో తిరిగే బ్రేకు గిన్నెలోని) దుమ్మును గాలితో ఊదకుండా, పొడి బ్రష్షుతో దులపకుండా, తగిన రెస్పిరేటర్ ధరించి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయాలి. ముక్కుకు కట్టుకునే మామూలు గుడ్డ ఇక్కడ పనికిరాదు.

స్ప్రింగులు తీసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఒకసారి ఒక చక్రాన్నే విప్పితే రెండోది నమూనాగా మిగులుతుంది.

అమెరికా ఫోర్డ్ కార్లకు సైతం హైడ్రాలిక్ (ద్రవ ఒత్తిడితో పనిచేసే) బ్రేకులు 1939 మోడళ్లతోనే వచ్చాయి. అంతకు ముందటి కడ్డీల అమరికలో ఒత్తిడిని సమంగా పంచే ద్రవం ఉండదు కనుక, పిన్నులు, వాటి రంధ్రాలు ఎంత అరిగాయో ముందే చూసుకోవాలి. లైనింగు అరుగుదలను కడ్డీల పొడవు తగ్గించి కప్పిపుచ్చరాదు. కాటర్ పిన్నులు (కీళ్లు ఊడిపోకుండా కొనలు వంచి బిగించే చీలిక పిన్నులు) కొత్తవే వాడాలి.