ఫేడర్ జరిపితే శ్రుతి జారుతోందా? – నా అనుభవం

పియానో లాంటి కీలు, ఫేడర్లు (జరిపే మీటలు) రెండూ ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్‌ను రీపర్ అనే మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు కలిపాక వచ్చిన తంటా ఇది: ఫేడర్ జరిపితే వాల్యూమ్ మారదు, మోగుతున్న నోట్ శ్రుతి జారిపోతుంది. ప్లే బటన్ నొక్కితే పాట మొదలవ్వదు, తారస్థాయిలో ఒక స్వరం పలుకుతుంది. కేబుల్ మార్చడం, డ్రైవర్ తీసి మళ్లీ వేయడం, ఫ్యాక్టరీ రీసెట్... ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతేమిటంటే, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌ను నడపడానికి వాడే మాకీ కంట్రోల్ పద్ధతిలో ఫేడర్ కదలిక పిచ్ బెండ్ అనే, మామూలుగా శ్రుతిని జరిపే మిడి (సంగీత పరికరాల మధ్య నడిచే) సందేశంగా వెళ్తుంది, ఒక్కో ఫేడర్‌కు ఒక్కో ఛానెల్. బటన్లేమో నోట్లుగా వెళ్తాయి: ప్లే నోట్ నంబర్ 94, స్టాప్ 93. ట్రాక్ ఇన్‌పుట్ 'ఆల్ మిడి ఇన్‌పుట్స్'లో ఉంటే ఆ ట్రాక్‌లోని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్ట్రుమెంట్ పాపం వాటినీ సంగీతమే అనుకుంటుంది.

ముందు కంట్రోలర్ మాకీ మోడ్‌లోనే ఉందని సరిచూసుకున్నాను. ప్రిఫరెన్సెస్‌లో మిడి డివైసెస్ తెరిస్తే దాని పేరుతో రెండు పోర్టులు కనిపించాయి. మొదటిది కీబోర్డుది, దాని ఇన్‌పుట్ ఎనేబుల్ చేసి, రెండోదాన్ని డిసేబుల్ చేశాను. తర్వాత కంట్రోల్/ఓఎస్‌సీ/వెబ్ పేజీలో యాడ్ నొక్కి, మాకీ కంట్రోల్ యూనివర్సల్ ఎంచుకుని, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ ఆ రెండో పోర్టే ఇచ్చాను. అవుట్‌పుట్ వదిలేస్తే ఫేడర్లు పనిచేస్తాయి గానీ బటన్ల లైట్లు వెలగవు, మోటార్ ఫేడర్లయితే వాటంతట అవి కదలవు. చివరగా ట్రాక్ ఇన్‌పుట్‌ను మొదటి పోర్టుకే పరిమితం చేశాను.

పోర్టుల పేర్లు, వరుస అన్ని మోడళ్లలో ఇలాగే ఉండవు. ఒకే పోర్టున్న కంట్రోలర్‌కు ఇది కుదరకపోవచ్చు. అలాంటిదానికి ఫేడర్లను సీసీకి (కంట్రోల్ ఛేంజ్ అనే మరో రకం మిడి సందేశానికి) మార్చి, ఏ ఫేడర్ దేన్ని నడపాలో సాఫ్ట్‌వేర్‌కు నేర్పే మిడి లెర్న్ వాడటమే మేలని నా ఉద్దేశం.